దాచిపెట్టని తల్లి



గడచిన నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్ళుచుండగా, మన సంఘపు సహోదరి ఒకామె తన కుమారుని చేయి పట్టుకొని మా యొద్దకు వచ్చింది. కుర్రవాడు పట్టణములో హాస్టలులో ఉండి ఇంటరు చదువుచున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చాడు. “అయ్యగారండీ, వీడు రాత్రీ పగలూ చెవుల్లో ఆ వైర్లు పెట్టుకొని ఏవో ఇంగ్లీషు పాటలు వింటున్నాడండి. పాటలా అంటే పాటలూ కావు, ఎవరో గబగబా మాట్లాడినట్టు ఉంటాయి. ఫోను లాగేసుకోమంటారా?” అని అడిగింది. మేము కుర్రవాని వైపు చూచాము. వాడు తల వంచుకొని ఒక్క మాట చెప్పాడు: “ఆ పాడినాయన చచ్చిపోయాడండి. ఇరవై ఒక్క ఏళ్ళకే.”

ఒక సంగతి ఒప్పుకొనవలెను. మా నోటి దగ్గర సిద్ధముగా ఉన్న జవాబు “లాగేసుకో అమ్మా” అన్నదే. కాని ఆ పిల్లవాడు ఆ మాట చెప్పిన తీరు మమ్మును ఆపింది. వారము రోజులు గడువు అడిగాము. ఆ వారములో ఆ పాడినవాడెవరో, ఎట్లు పెరిగాడో, ఎట్లు పోయాడో చదివి తెలిసికొన్నాము. తెలిసికొన్నది మీ ముందు పెట్టుచున్నాము. ఇది ఒక కుమారుని కథ, దానికంటె ఎక్కువగా ఒక తల్లి కథ.

ఆ పాటలను ర్యాప్ అంటారు. 1970లలో న్యూయార్క్ నగరములోని బ్రాంక్స్ అను ప్రాంతములో బీద నల్లజాతి యువకుల మధ్య ఈ పాట పెరిగింది. మన బుర్రకథలో కథకుడు గుమ్మెట దెబ్బ మీద మాటలు దొర్లించినట్టుగా, ర్యాప్ పాడువాడు తాళము మీద ప్రాస కలిపి మాటలు దొర్లిస్తాడు. రాగము తక్కువ, మాట ఎక్కువ. అందుచేత పాడువాని బ్రతుకు, కోపము, గర్వము, దుఃఖము అన్నీ అందులోనికి వచ్చేస్తాయి. బూతు మాటలును, మత్తు పదార్థముల పొగడ్తయు చాలా పాటలలో ఉన్నవి. అది నిజమే, మేము కాదనము.

మన కుర్రవాడు వినుచున్న గాయకుని అసలు పేరు జారడ్ ఆంథొనీ హిగ్గిన్స్. లోకమునకు తెలిసిన పేరు జూస్ వరల్డ్. 1998 డిసెంబరు 2న అమెరికా దేశములోని షికాగో నగరములో పుట్టాడు. ఆ నగరమునకు దక్షిణమున ఉన్న హోమ్‌వుడ్ అను ఊరిలో పెరిగాడు. మూడేండ్ల వయస్సులో తలిదండ్రులు విడిపోయారు. తల్లి కార్మెలా వాలెస్ ఒంటరిగా ఇద్దరు కుమారులను పెంచింది. ఆమె భక్తిగల స్త్రీ, పెంపకములో కఠినురాలు. ర్యాప్ పాటలు ఇంట్లో వినకూడదని కట్టడి చేసింది. మన తల్లులు చేసే పనే ఆమెయు చేసింది.

అయితే ఆమె సంగీతమును ద్వేషించలేదు. నాలుగేండ్ల వయస్సుకే పిల్లవాడు పియానో మీద చేయి వేశాడు. తల్లి డబ్బు కట్టి పాఠములు చెప్పించింది. తరువాత గిటారు, డ్రమ్స్ నేర్చుకున్నాడు. బడిలో బ్యాండు తరగతిలో ట్రంపెట్ ఊదాడు. ర్యాప్ వద్దన్న ఇంట్లో వీడియో ఆటలకు మాత్రము అనుమతి ఉండెను. ఆ ఆటలలో వినిపించే రాక్ సంగీతము పిల్లవాని చెవిన పడి, మనస్సులో నిలిచిపోయింది. తరువాతి కాలములో అతని పాటలలో ర్యాప్ మాటలతో పాటు ఆ రాక్ రాగములును కలిసి వినిపించుటకు ఇదే మొదలు.

ఇంటి తలుపు మూసినను వీధి తలుపు తెరిచే ఉన్నది. ఆరవ తరగతిలో, అనగా పదకొండు పన్నెండేండ్ల వయస్సులో, జారడ్ మొదటిసారి దగ్గు మందును మత్తు కొరకు త్రాగాడు. కోడీన్ అను మందు కలిసిన దగ్గు సిరపును సోడాలో కలిపి త్రాగుట అక్కడ కొందరికి అలవాటు. దానిని పొగడుచు పాడిన ఫ్యూచర్ అను పేరు గల ర్యాప్ గాయకుని పాటలు విని తాను మొదలుపెట్టితినని జారడ్ పెద్దవాడైన తరువాత ఆ గాయకునికే చెప్పాడు. ఆ మాట తన మనస్సును కలచివేసెనని, ఇంకెందరు ఆరవ తరగతి పిల్లలు తన పాట విని ఇట్లు త్రాగుచున్నారో అని తలంచితినని ఆ గాయకుడు 2019లో ఒక పత్రికతో చెప్పాడు. పాట పాడినవానికి తన పాట ఎక్కడికి వెళ్ళినదో తెలియలేదు. పిల్లవాని తల్లికిని తెలియలేదు. దగ్గు మందుతో మొదలైన అలవాటు హైస్కూలు దినములలో నొప్పి మాత్రలకు, ఆందోళన తగ్గించే మాత్రలకు పాకింది.

హైస్కూలులో ఉండగానే అతడు పాటలు కట్టనారంభించాడు. స్టూడియో లేదు, వాద్య బృందము లేదు. తొలి పాటలు చాలా వరకు సెల్‌ఫోనులోనే రికార్డు చేసి, ఎవరైనను తమ పాటను ఉంచగల సౌండ్‌క్లౌడ్ అను ఇంటర్నెట్టు వేదికలో పెట్టాడు. 2015లో మొదటి పాట అట్లే వచ్చింది. చదువు తరువాత ఒక ఫ్యాక్టరీ పనిలో చేరి, కొద్ది దినములలోనే దానిని పోగొట్టుకున్నాడు. 2017 జూన్‌లో కొన్ని పాటలు కలిపి ఒక చిన్న ఆల్బము విడుదల చేశాడు. దానికి పెట్టిన పేరు 999.

ఈ అంకె చూచి మన పాఠకులు ఆగుదురు. ఆగవలసినదే. ప్రకటన గ్రంథము పదమూడవ అధ్యాయములోని 666 అను సంఖ్య మనకందరకు తెలిసినదే. ఆ సంఖ్యను తలక్రిందులు చేసితే 999 అగును. చెడ్డదానిని, బాధను తిరుగవేసి మంచిదానిగా చేసికొనుట అని ఈ పిల్లవాడు దాని అర్థము చెప్పేవాడు. భక్తిగల ఇంట పెరిగినవాని మనస్సులో ఆ సంఖ్య ఎట్లు నాటుకొని ఉండెనో చూడండి. దానిని తిప్పివేయవలెనని ఆశించాడు.

ఆ చిన్న ఆల్బములోని “లూసిడ్ డ్రీమ్స్” అను పాట అతని జీవితమును మార్చివేసింది. స్టింగ్ అను ఇంగ్లాండు గాయకుని 1993 నాటి పాటలోని గిటారు వరుస మీద కట్టిన పాట అది. ప్రేమ విఫలమైనవాడు నిద్రపట్టక పడే వేదన దానిలోని విషయము. 2018 అక్టోబరు నాటికి అమెరికా మొత్తము మీద పాటల పట్టికలో అది రెండవ స్థానమునకు ఎక్కింది. అంతకు ముందే, ఆ సంవత్సరము మార్చిలో, ఇంటర్‌స్కోప్ అను పెద్ద సంగీత సంస్థ అతనితో 30 లక్షల డాలర్లకు ఒప్పందము చేసికొన్నట్టు పత్రికలు వ్రాశాయి. ఆనాటి మన లెక్కలో అది దాదాపు 20 కోట్ల రూపాయలు. అప్పటికి అతనికి పందొమ్మిదేండ్లు. 2019 మార్చిలో వచ్చిన అతని రెండవ పెద్ద ఆల్బము మొదటి స్థానములో నిలిచింది.

ఆ పిల్లవానికి ఉన్న వరము సామాన్యమైనది కాదు. కాగితము లేకుండ, ముందు సిద్ధపాటు లేకుండ, తాళము మొదలు కాగానే అప్పటికప్పుడు మాటలు కూర్చి పాడగలిగేవాడు. 2018లో లండనులో ఒక రేడియో కార్యక్రమములో సుమారు ఒక గంట సేపు అట్లు పాడాడు. మనలో ఆశువుగా పద్యములు చెప్పిన అవధానులను ఎరిగినవారికి ఆ పని ఎంత కష్టమో తెలియును.

అతడు ఏమి పాడాడు? తన ఆందోళన, తన కృంగుదల, తాను మింగుచున్న మాత్రలు, త్వరగా చనిపోవుదునేమో అను భయము. ఏదియు దాచలేదు. 2017 నవంబరులో లిల్ పీప్ అను తోటి గాయకుడు ఇరవై ఒక్క ఏండ్లకు మత్తు మందుల వలన చనిపోయాడు. 2018 జూన్‌లో ఎక్స్ఎక్స్ఎక్స్‌టెంటాసియన్ అను మరియొక గాయకుడు ఇరవై ఏండ్లకు తుపాకీ గుండ్లకు బలి అయ్యాడు. వారిద్దరి మరణమును తలంచి జారడ్ “లెజెండ్స్” అను పాట చేశాడు. తనవంటివారు ఇరవై ఒక్క ఏండ్లు దాటుట లేదన్న దిగులు ఆ పాటలో ఉన్నది. లక్షల మంది దానిని విన్నారు, చప్పట్లు కొట్టారు.

అతని చివరి దినములను గూర్చి 2021 డిసెంబరులో ఒక డాక్యుమెంటరీ చిత్రము వచ్చింది. చుట్టూ జనము ఉండగానే ఈ పిల్లవాడు మాత్రలు వేసికొనుట, ఆ సిరపు త్రాగుట అందులో కనబడును. గదినిండ మనుష్యులున్నారు. అది అందరికిని మామూలు సంగతి అయిపోయింది. మానవలెనన్న తలంపు అతనికి లేకపోలేదు. 2019 జూలైలో, తనను చూచి భయపడుచున్న స్నేహితురాలిని క్షమించుమని కోరుచు, కోడీన్ మానివేయుదునని అందరు చదువునట్లు వ్రాశాడు.

డిసెంబరు 2న ఇరవై ఒక్క ఏండ్లు నిండాయి. 8వ తేదీ తెల్లవారకముందే లాస్ ఏంజలిస్ నుండి బయలుదేరిన ప్రత్యేక విమానము షికాగోలోని మిడ్‌వే విమానాశ్రయములో దిగింది. విమానములో మత్తు పదార్థములు, తుపాకులు ఉన్నవని ముందుగా సమాచారము అంది పోలీసులు కాచుకొని ఉన్నారు. సామాను వెదకగా సుమారు 32 కిలోల గంజాయి, కోడీన్ సిరపు సీసాలు, తుపాకులు దొరికాయి. ఆ వెదకుట జరుగుచుండగానే జారడ్‌కు మూర్ఛ వచ్చింది. మత్తు మందుకు విరుగుడైన నాలోక్సోన్ అను మందు రెండుసార్లు ఇచ్చారు. ఆసుపత్రికి తీసికొనిపోయారు. ప్రాణము నిలువలేదు. ఆక్సికోడోన్, కోడీన్ అను రెండు మందుల విషప్రభావమే కారణమనియు, అది ప్రమాదవశాత్తు జరిగినదనియు 2020 జనవరిలో వైద్యాధికారులు తేల్చారు.

ఈ రెండు మందులను గూర్చి ఒక మాట. ఇవి రెండును నల్లమందు జాతికి చెందినవి. వైద్యుడు కొలిచి ఇచ్చితే నొప్పిని, దగ్గును తగ్గించును. అలవాటుగా వాడితే శరీరము నిన్నటి మోతాదుకు లొంగదు, ఇంకా ఎక్కువ అడుగును. మనస్సుకు తృప్తి కలిగించే మోతాదు పెరుగుచునే ఉండును, కాని మెదడులో ఊపిరిని నడిపించే భాగము మాత్రము ఆ పెరుగుదలను ఓర్చుకొనలేదు. రెండు మందులు కలిసినప్పుడు ఊపిరి మెల్లగా తగ్గి ఆగిపోవును. బయటివారికి గాఢనిద్ర వలె కనబడును. 2019 ఒక్క సంవత్సరములోనే అమెరికాలో ఈ జాతి మత్తు మందుల వలన సుమారు 50 వేల మంది చనిపోయారు. వారిలో వైద్యుని చీటీతో నొప్పి మాత్ర మొదలుపెట్టినవారు అనేకులు. మన దేశములోను కోడీన్ ఉన్న దగ్గు మందును వైద్యుని చీటీ లేకుండ అమ్మకూడదని చట్టము ఉన్నది. ఆ చట్టము ఎందుకున్నదో మన ఇండ్లలో పిల్లలకు చెప్పవలెను.

డిసెంబరు 13న షికాగో దగ్గర హార్వీ అను ఊరిలోని దేవాలయములో అతని భూస్థాపన ఆరాధన జరిగింది. ఇక్కడి నుండి ఆ తల్లి కథ.

ఆమె ముందు రెండు త్రోవలు ఉండెను. పేరు మోసిన కుమారుడు, కోట్ల మంది అభిమానులు. మౌనముగా ఉండిపోయి ఉంటే ఎవరును తప్పు పట్టరు. “మా అబ్బాయికి అకస్మాత్తుగా మూర్ఛ వచ్చింది” అని ఊరుకొనవచ్చును. ఆమె అట్లు చేయలేదు. తన కుమారుడు మందులకు బానిసయై పోరాడెనని, వ్యసనము గొప్పవారిని బీదవారిని చూడదని బహిరంగముగా చెప్పింది. అతని ఆందోళన, కృంగుదల తనకు తెలిసినవేననియు, వాటిని గూర్చి తామిద్దరు అనేకసార్లు మాట్లాడుకొన్నామనియు, అతడు విడుదల పొందగోరెననియు దాచకుండ వ్రాసింది. ఇతర కుటుంబములకు మేలు కలుగవలెనని ఈ సంగతి దాచకూడదని మరణమైన వెంటనే నిర్ణయించుకొన్నదట. 2020 ఏప్రిల్‌లో “లివ్ ఫ్రీ 999” అను నిధిని స్థాపించింది. వ్యసనము, ఆందోళన, కృంగుదల కలిగిన యౌవనస్థులకు సహాయము చేయుట దాని పని. కుమారుడు తిప్పివేయగోరిన ఆ అంకెను తల్లి చేతికెత్తుకొన్నది. అదే సంవత్సరము జూలైలో అతడు చనిపోయిన తరువాతి మొదటి ఆల్బము విడుదలై అమెరికాలో మొదటి స్థానములో నిలిచింది. ఆ తల్లికి మాత్రము అది ఇక ఇంటికి రాని కుమారుని స్వరము.

ఇక్కడ మనము తొందరపడకూడదు. “ఆమె ఇంకా గట్టిగా పెంచవలసినది” అని కొందరనవచ్చును. ఆమె గట్టిగానే పెంచింది. “ప్రార్థించవలసినది, మాట్లాడవలసినది” అనవచ్చును. భక్తిగల తల్లి ప్రార్థించకుండునా? కుమారునితో మాట్లాడితినని ఆమెయే చెప్పుచున్నది. అయినను పోగొట్టుకొన్నది. వ్యసనము ఒక రోగము. దానికి తల్లి మాటయు కావలెను, వైద్యుని చేయియు కావలెను, సమయమును కావలెను. అన్నియు ఉన్నను కొన్నిసార్లు చాలవు. కాబట్టి ఆమెకు తీర్పు తీర్చుటకు మనమెవరము? ఆమె యొద్ద నేర్చుకొనుటకు మాత్రము ఒకటి ఉన్నది. ఆమె దాచలేదు.

ఈ మాట వ్రాయుచుండగా మా చేయి వణకుచున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మేము పరిచర్య చేసిన ఒక గ్రామములో ఇరవై నాలుగేండ్ల యౌవనుడు చనిపోయాడు. త్రాగుడు వలన కాలేయము పాడై కామెర్లు వచ్చాయి. తండ్రి రాత్రివేళ వచ్చి మా చేతులు పట్టుకొని, “అయ్యగారండీ, సమాధి దగ్గర తాగుడు మాట ఎత్తకండి. ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉన్నది” అని ఏడ్చాడు. మేము సరే అన్నాము. మరునాడు సమాధి దగ్గర నిలిచి కామెర్లు వచ్చి ప్రభువు నందు నిద్రించెనని చెప్పాము. కామెర్లు నిజమే. సగము చెప్పి సగము మ్రింగితిమి. వానితో కలిసి త్రాగిన స్నేహితులు ముగ్గురు అక్కడే నిలబడి మా మాట విన్నారు. కామెర్లకు ఎవరేమి చేయగలరు అనుకొని వెళ్ళిపోయారు. వారిలో ఒకడు తరువాత అదే జబ్బుతో పోయాడు.

ఆ తండ్రిని మేము నిందించుట లేదు. నింద మాది. ఆ దినమున ఆ కుటుంబము పరువు కాపాడితిమనుకొన్నాము. సమాధి దగ్గర నిలిచిన ఆ ముగ్గురికి చెప్పవలసిన మాట చెప్పలేదు. చనిపోయినవానిని అవమానపరచకుండ, ప్రేమతో, కుటుంబమును ఒప్పించి ఆ మాట చెప్పుటకు మార్గము వెదకవలసినది. అంత ఓపిక మేము పట్టలేదు. కార్మెలా వాలెస్ అను ఆ తల్లి తన కడుపుకోతలో చేసిన పని, కాపరినని పిలువబడుచున్న మేము చేయలేకపోయితిమి.

మన సంఘములలో జ్వరము వచ్చితే ప్రార్థన మనవి ఇత్తురు. పశువు తప్పిపోయితే మనవి ఇత్తురు. కుమారుడు త్రాగుచున్నాడని, గంజాయి పీల్చుచున్నాడని, మాత్రలు మింగుచున్నాడని, నెలలుగా నిద్ర లేక కృంగిపోయాడని ఎవరును మనవి ఇవ్వరు. ఎందుకనగా విన్నవారు ప్రార్థించకముందే చెప్పుకొందురను భయము. ఆ భయము పోవలెనంటే ముందు మన నాలుకలు బాగుపడవలెను. అంతవరకు కనీసము ఒక్కరితోనైనను చెప్పండి, మొదటి నెలలోనే చెప్పండి. వైద్యుని యొద్దకు తీసికొనిపోవుట విశ్వాసలోపము కాదు. మత్తు విడిపించుటకు 14446, మానసిక వేదనకు 14416 అను ప్రభుత్వపు ఉచిత ఫోను నంబర్లు ఉన్నవి. వ్రాసి గోడకు అంటించుకొనండి.

పాటల సంగతి ఏమందుమా? బూతు మంచిదని మేము చెప్పము. కాని మన పరిశుద్ధ గ్రంథములోను ఏడ్పు పాటలు ఉన్నవి. 88వ కీర్తన చివరివరకు చదివి చూడండి, అది చీకటితోనే ముగియును. దేవుడు ఆ ఏడ్పును తన గ్రంథములో నుండి తీసివేయలేదు. మీ పిల్లవాడు ఏడ్పు పాట వినుచున్నప్పుడు, పాటను ఆపుటకు ముందు ఆ ఏడ్పు ఎవరిదో అడగండి.

వారము తరువాత మేము ఆ సహోదరి ఇంటికి వెళ్ళాము. అరుగు మీద కూర్చొని కుర్రవానిని పిలిచి, “నాయనా, ఆ పాటలో నీకు నచ్చినది ఏమిటి?” అని అడిగాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “హాస్టల్లో నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టదండి. మొదటి పరీక్షల్లో తప్పిన దగ్గర్నుంచీ అంతే. ఆయనకూ పట్టేది కాదంట” అన్నాడు. పరీక్ష తప్పిన సంగతి ఆ తల్లికి అప్పుడే తెలిసింది. “నాకెందుకు చెప్పలేదురా?” అన్నది. “నువ్వు ఏడుస్తావని” అన్నాడు.

ఆమె ఏడ్చింది. అయినను ఫోను లాగుకొనలేదు. కుమారుని ప్రక్కన కూర్చుండి, “ఇంకా ఏమున్నదో చెప్పు” అన్నది. మేము మెల్లగా లేచి వచ్చేశాము.

మీ ఇంటిలోను అట్టి అరుగు ఒకటి ఉండునట్లు ప్రభువు మీకు కృప అనుగ్రహించును గాక. ఆమేన్.